వెనక వరస కూడా కనపడాలి



పోయిన సంవత్సరం మా ఐదో తరగతి గ్రూప్ ఫొటో తీసింది నేనే. తెనాలిలో పెళ్లి ఫొటోలు తీసే మా బాబాయి కొడుకుని అడిగి మంచి కెమెరా తెచ్చుకున్నాను. మొదటి వరస నేల మీద, రెండో వరస కుర్చీల్లో, మూడో వరస నిలబడి, నాలుగో వరస బెంచీల మీద. కెమెరా వెనక ఉన్న చిన్న స్క్రీన్‌లో చూస్తే ఫొటో భలే వచ్చిందనిపించింది. వెంటనే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాను.

మర్నాడు సాయంత్రం ఒక పిల్లవాడి అమ్మగారు గేటు దగ్గర ఆగి తన ఫోన్ చూపించారు. ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, "మేడమ్, మా వాడి మొహం ఇలా అలుక్కుపోయిందేంటండీ?" అన్నారు. చూశాను. ముందు వరసలో పిల్లల జడ రిబ్బన్ల మడతలు కూడా కనపడుతున్నాయి. వెనక వరసలో తొమ్మిది మందికీ కన్నెక్కడో ముక్కెక్కడో తెలియడం లేదు. మళ్లీ తీద్దాం అనుకునేలోపు వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది, ఆ కుటుంబం ఊరు మారిపోయింది. మా క్లాసుతో ఆ బాబు దిగిన గ్రూప్ ఫొటో అదొక్కటే. తప్పు కెమెరాది కాదు, నాదే.

అప్పటినుంచి నేను నేర్చుకున్నది మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

కెమెరా ఫోకస్ ఒకే దూరంలో కచ్చితంగా కుదురుతుంది. దానికి కాస్త ముందు, కాస్త వెనక ఉన్నవి కూడా మన కంటికి స్పష్టంగానే కనపడతాయి. అలా స్పష్టంగా కనపడే మేరనే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. అది జానెడు ఉండొచ్చు, ఊరి చివరిదాకా ఉండొచ్చు. అది ఎంత ఉండాలో నిర్ణయించుకునే వీలు మన చేతిలో ఉంది.

మొదటిది, లెన్స్ లోపలి రంధ్రం. దాన్ని అపెర్చర్ అంటారు. ఇక్కడ అంకెలు తిరగబడి ఉంటాయి. ఎఫ్ 1.8 అంటే పెద్ద రంధ్రం, ఎఫ్ 8 అంటే చిన్న రంధ్రం. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో మొదటిది సుమారు 28 మిల్లీమీటర్ల వెడల్పు, రెండోది 6 మిల్లీమీటర్ల పైచిలుకు. రంధ్రం ఎంత చిన్నదైతే స్పష్టత అంత లోతుకు వెళ్తుంది. రెండోది దూరం. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ లోతు తగ్గిపోతుంది. మూడోది జూమ్. నిలబడ్డచోటే నిలబడి జూమ్ పెంచితే కూడా తగ్గుతుంది.

నేను చేసిందేమిటంటే, ఎఫ్ 1.8 పెట్టి, 5 మీటర్ల దూరం నుంచి ముందు వరస మీద ఫోకస్ చేశాను. ఆ కెమెరాకి అప్పుడు ఫోకస్ వెనక దక్కేది సుమారు 60 సెంటీమీటర్లు. నాలుగో వరస 2 మీటర్ల వెనక ఉంది. ఎఫ్ 8 పెట్టి, రెండో వరస మీద ఫోకస్ చేసి ఉంటే నాలుగు వరసలూ చక్కగా వచ్చేవి. కాకపోతే చిన్న రంధ్రంలోంచి వెలుతురు దాదాపు 20 రెట్లు తక్కువ వస్తుంది. అందుకే గ్రూప్ ఫొటో వరండా లోపల కాకుండా, ఉదయం పూట ఆరుబయట తీయాలి.

ఈ చిన్న రంధ్రం కిటుకు మన పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. దూరపు చూపు సరిగా లేని పిల్లలు బోర్డు చూసేటప్పుడు కళ్లు చికిలిస్తారు. రెప్పల సందు సన్నబడితే మసక తగ్గుతుంది, అక్షరం కాస్త తేటపడుతుంది. వాళ్లు చేస్తున్నది ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 8 కి మారడమే. మీ పాప టీవీ చూస్తూ అలా చేస్తుంటే "ఏంటా మొహం" అని కసురుకోకండి. కంటి డాక్టరుకి చూపించండి.

వెనక వరస కూడా కనపడాలన్న పట్టుదల కొత్తదేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880ల్లోనే సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద పెట్టె కెమెరాలు, ఫిల్ముకి బదులు గాజు పలకలు. అంత పెద్ద పలక మీద ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ ఒకేలా తేటగా రావాలంటే రంధ్రం బాగా చిన్నది చేయాలి, వెలుతురు చాలినంత పడేదాకా అందరూ కదలకుండా ఉండాలి. మనకిప్పుడు ఆ కష్టం లేదు, వేలితో ఒక్క నొక్కు చాలు. బహుశా అందుకేనేమో ఆలోచించడం మానేశాం.

ఇప్పుడు మన ఫోన్ల సంగతి. ఫోన్‌లో సెన్సార్ చిన్నది, లెన్స్ కూడా చిన్నది. అందువల్ల మామూలుగా తీస్తే ముందూ వెనకా చాలావరకు స్పష్టంగానే వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్‌లో కనిపించే మసక ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కల్పించేది. మనిషెవరో, వెనకున్నదేమిటో ఫోన్ అంచనా వేసుకుని, వెనకదాన్ని అలికేస్తుంది. ఒక్కోసారి కళ్లద్దాల అంచునీ, చెవి పక్క వెంట్రుకల్నీ కూడా కలిపి అలికేస్తుంది.

మసక తప్పని నేననను. పుట్టినరోజు నాడు పాప మొహమొక్కటే తీయాలంటే అదే అందం. కానీ మీరు పంపే ఫొటోల్లో సగానికి పైగా పోర్ట్రెయిట్ మోడ్‌వే. సంక్రాంతి ముగ్గు ముందు పాప ఉంటుంది, ముగ్గు ఉండదు. అరుగు మీద బాబు ఉంటాడు, వెనక కూర్చున్న నాయనమ్మ తెల్లటి మరకలా ఉంటుంది. నందివెలుగు పొలం గట్టున పిల్లలు నవ్వుతుంటారు, వెనకున్నది వరో మొక్కజొన్నో తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లలు వెతుక్కునేది తమ మొహాన్ని కాదు. నాయనమ్మనీ, పాత ఇంటి గుమ్మాన్నీ వెతుక్కుంటారు. ఫోన్ వాటిని బ్యాక్‌గ్రౌండ్ అనుకుంది సరే, మనం అనుకోవాలా?

ఇదే మాట మా టీచర్లకీ చెప్పుకుంటున్నాను. స్కూలు ముందు కట్టే ఫ్లెక్సీలో ర్యాంకు వచ్చిన నలుగురి మొహాలే ఉంటాయి, అది వాళ్ల కష్టానికి దక్కిన గౌరవం. కానీ యాన్యువల్ డే గ్రూప్ ఫొటో అందరిదీ. ఆ ఫొటోని పేరెంట్స్‌కి పంపేముందు వెనక వరసని పెద్దది చేసి, ఒక్కో మొహమూ చూడాలన్న నియమం మనం పెట్టుకోవాలి. పట్టేది రెండు నిమిషాలు. ఈ ఏడాది మా క్లాసు ఫొటోకి నేను అలాగే చేశాను. మూడోసారికి గానీ సరిగ్గా రాలేదు. అప్పటిదాకా పిల్లల్ని కదలనివ్వలేదు.

ఈ ఆదివారం మీరూ మీ పిల్లలతో ఒక పని చేయించండి. మూడు గ్లాసులు జానెడు జానెడు దూరంలో ఒకదాని వెనక ఒకటి పెట్టించండి. ఫోన్‌ని మొదటి గ్లాసుకి బాగా దగ్గరగా పెట్టి, దాని మీద వేలితో తాకి ఒక ఫొటో తీయమనండి. తర్వాత చివరి గ్లాసు మీద తాకి ఇంకోటి. ఆ తర్వాత నాలుగడుగులు వెనక్కి వచ్చి మూడోది. మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో వాళ్లనే చెప్పమనండి. తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లిష్‌లో చెప్పినా సరే, సోమవారం క్లాసులో వింటాను.

నాలుగో ఫొటోకి మాత్రం గ్లాసులు తీసేసి, ఇంట్లో అందరినీ నిలబెట్టండి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. ఫొటో తీశాక ముందు వెనకున్నవాళ్ల మొహాలు చూడండి.

– మీ ఐదో తరగతి ఇంగ్లిష్ టీచర్, నందివెలుగు