డబ్బా పాడైతే టర్బో మొత్తం కొనాలా?

వరికోత మిషన్ ఇంజన్‌లో టర్బో పక్కనే అరచేతిలో పట్టేంత రేకు డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని వేస్ట్‌గేట్ యాక్చుయేటర్ అంటారు. లోపల ఒక రబ్బరు డయాఫ్రమ్, ఒక స్ప్రింగ్, బయటికి ఒక రాడ్డు. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఈ డబ్బా పోయిందని కోతల మధ్యలో మిషన్లు రోజుల తరబడి నిలబడిపోతున్నాయి. డీలర్ దగ్గరికి వెళ్తే ‘డబ్బా విడిగా రాదు, టర్బో సెట్టు మొత్తం మార్చుకోవాల్సిందే’ అన్న జవాబు మా సభ్యులకు పదే పదే ఎదురవుతోంది. ఈ జవాబును రైతు సంఘాలు ఇకపై ఊరకే వినకూడదని మేం అంటున్నాం.

మద్దతు ధర, కౌలు కార్డులు, పంటల బీమా గురించి రాసే పత్రికలో ఇంజన్ సామాను గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. మిషన్ ఓనరు బాధ ఓనరుది అని కూడా అనవచ్చు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రోజులు గుర్తు చేసుకోండి. తుపాను హెచ్చరిక వచ్చాక చేతిలో ఉండేది రెండు మూడు రోజులే. ఆ రోజుల్లో మిషన్ దొరికిన చేను గట్టెక్కుతుంది, దొరకనిది నీళ్ళలో పడుకుంటుంది. తడిసిన ధాన్యం తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక మిషన్ ఓనరుకు పడిన ఖర్చు ఆయన దగ్గరే ఆగదు. వచ్చే సీజన్ గంట కిరాయిలో కలుస్తుంది. చివరికి కట్టేది కౌలు రైతే. పైగా మన ఊళ్ళలో ఓనర్లంటే కోటీశ్వరులు కారు. ఉన్న ఎకరాలు తాకట్టు పెట్టి ఫైనాన్స్‌లో మిషన్ తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ.

అసలు ఈ డబ్బా చేసే పనేమిటి? టర్బోను పొగ తిప్పుతుంది, టర్బో ఇంజన్‌లోకి గాలిని నెడుతుంది. ఇంజన్ మీద లోడు పెరిగేకొద్దీ పొగ పెరుగుతుంది, గాలి ఒత్తిడీ పెరుగుతుంది. దానికి ఒక హద్దు ఉండాలి. నిండిన చెరువు కట్ట తెగకుండా అలుగు పెట్టుకున్నట్టు, ఎక్కువైన పొగ టర్బో చక్రాన్ని తాకకుండా పక్కనుంచి పోవడానికి ఒక చిన్న తలుపు పెట్టారు. అదే వేస్ట్‌గేట్. గాలి ఒత్తిడి సన్నని గొట్టం ద్వారా డబ్బాలోకి వచ్చి డయాఫ్రమ్‌ను నెడితే రాడ్డు కదిలి ఆ తలుపు తెరుచుకుంటుంది. డయాఫ్రమ్ చిరిగినా, గొట్టం పగిలినా తలుపు తెరుచుకోదు. గాలి ఒత్తిడి హద్దు దాటి హెడ్ గాస్కెట్‌కూ, పిస్టన్లకూ, టర్బోకూ ముప్పు వస్తుంది. స్ప్రింగ్ విరిగినా, రాడ్డు తుప్పు పట్టి తెరిచిన చోటే బిగుసుకున్నా గాలి చాలదు. అప్పుడు నల్లపొగ, పికప్ లేకపోవడం, డీజిల్ ఎక్కువ తాగడం. దిగబడే మడిలో చైన్ మిషన్ మొరాయిస్తుంది.

అయితే పికప్ పోయిన ప్రతిసారీ డబ్బాదే తప్పు అనుకోకూడదు. వరికోతలో దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోవడం, ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు వదులవడం ఇంకా మామూలు. ముందు అవి చూడాలి. తర్వాత డబ్బాకు వచ్చే సన్నని గొట్టం చూడాలి. పగిలింది ఆ గొట్టమే అయితే ఖర్చు వందల్లోనే తేలిపోతుంది. ఆ తర్వాతే డబ్బా. చల్లారిన ఇంజన్ మీద రెగ్యులేటరూ గేజీ ఉన్న గాలి పంపుతో నెమ్మదిగా ఒత్తిడి ఇస్తే, ఆ మోడల్‌కు చెప్పిన దగ్గర రాడ్డు కదలాలి, ఇచ్చిన ఒత్తిడి నిలవాలి. ముల్లు జారిపోతే డయాఫ్రమ్ పోయినట్టే. పంక్చర్ షాపు కంప్రెసర్‌ను నేరుగా తగిలిస్తే బాగున్న డయాఫ్రమ్ కూడా చిరుగుతుంది. డబ్బా విప్పాక తలుపు పిడిని చేత్తో కదిపి చూడాలి. అది మసి పట్టి బిగుసుకుని ఉంటే కొత్త డబ్బా వేసినా లాభం లేదు. నిజంగా టర్బో విప్పాల్సింది అప్పుడే.

మార్చడం కూడా పెద్ద విద్య కాదు. గొట్టం, రాడ్డు చివరి క్లిప్పు, రెండు మూడు బోల్టులు. అసలు పని రాడ్డు పొడవు సరిచేయడంలో ఉంది. తలుపు పూర్తిగా మూసుకుని, స్ప్రింగ్ దాన్ని కొద్దిగా పట్టి ఉంచేలా పెట్టి లాక్‌నట్టు బిగించాలి. ఆ ‘కొద్దిగా’ ఎంత అన్నది కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ మాన్యువల్ మన మెకానిక్ చేతికి రాదు. మా కోపం ఇక్కడే.

పుస్తకం లేనప్పుడు ఏం జరుగుతోంది? రాడ్డును నాలుగు చుట్లు పొట్టి చేసి ‘పికప్ అదిరిపోయింది’ అంటున్నారు. తలుపును ఇనప తీగతో కట్టేసిన మిషన్లూ ఉన్నాయి. ఒక సీజన్ పరుగెత్తి ఆ తర్వాత ఇంజన్ బోరుకు వస్తుంది. ఇలాంటి పనిని మేం సమర్థించం. ఓనర్లు కూడా మెకానిక్‌ను దీనికోసం బతిమాలడం మానాలి. కానీ కొలత దాచిపెట్టిన కంపెనీకి ‘లోకల్ మెకానిక్ పాడుచేశాడు’ అని వారంటీ కొట్టేసే హక్కు ఎక్కడిది?

కొత్త మిషన్లతో చిక్కు ఇంకా పెరుగుతోంది. 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గాలన్న దానితో మాకు పేచీ లేదు, ఆ పొగ మొదట పీల్చేది డ్రైవరూ పొలంలో కూలీలే. కామన్ రైల్, కంప్యూటర్ ఉన్న ఇంజన్లలో గాలి ఒత్తిడి తేడా వస్తే కంప్యూటర్ కోడు చూపించి పవర్ తగ్గించేస్తుంది. ఎలక్ట్రానిక్ యాక్చుయేటర్ అయితే మార్చాక దాన్ని స్కానర్‌తో ఇంజన్‌కు పరిచయం చేయాలి. ఆ స్కానర్ ఉన్న కంపెనీ మనిషి సీజన్‌లో ఎన్నో ఊళ్ళకు ఒక్కడు. బోల్టులు బిగించడం అయిపోయినా మిషన్ గట్టు మీదే ఉంటుంది.

ఇది తీరని సమస్య కాదు. మన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సాధనాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నదే అభియోగం. కేసు అప్పీళ్లకు వెళ్ళింది, అది వేరే కథ. కారుకు వర్తించిన న్యాయం కోత మిషన్‌కు ఎందుకు వర్తించదు? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలను జాబితాలో చేర్చింది. ఆ ఏడాది చివర పోర్టల్ కూడా పెట్టారు. ఆ తర్వాత సెల్‌ఫోన్లు, ఇంటి ఎలక్ట్రానిక్ వస్తువుల రిపేరుకు మార్కులు వేసే పని ముందుకు పోయింది. రైతు సరుకు మాత్రం వెనకే ఉండిపోయింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వ్యవసాయ యంత్రాల కంపెనీలు విడిభాగాలు, సాఫ్ట్‌వేర్, సాధనాలు, మాన్యువళ్ళు రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాల్సిందేనని ఆ చట్టం చెప్తోంది. అక్కడి పెద్ద రైతుకు దక్కింది ఇక్కడి కౌలు రైతుకు దక్కకూడదా?

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రభుత్వం చేతిలో సబ్సిడీ ఉంది. సబ్సిడీ జాబితాలో చేరాలంటే యాక్చుయేటర్ లాంటి భాగాలను విడిగా అమ్ముతామనీ, సర్వీసు కొలతలను తెలుగులో ఇస్తామనీ, కోతల కాలంలో జిల్లాకు ఒకచోట నిల్వ ఉంచుతామనీ కంపెనీ రాసివ్వాలి. ఈ షరతు ఒక్క జీవోతో పెట్టవచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణకూ, పరీక్షలకూ కేంద్ర సంస్థ ఉండనే ఉంది. పల్లె మెకానిక్‌లకు టర్బో, కామన్ రైల్ మీద ప్రత్యేక శిక్షణ అక్కడ పెట్టాలి, స్కానర్లు కస్టమ్ హైరింగ్ సెంటర్లకు ఇవ్వాలి.

ఇక మిషన్ ఉన్న సభ్యులకు ఒక మాట. స్వయంఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న యంత్రమైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు వినియోగదారులే. వాణిజ్య అవసరానికి కొన్నారని ఎవరైనా తోసిపుచ్చితే ఆ మాట గుర్తు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ‘విడిగా రాదు’ అని డీలర్ అంటే నోటిమాటతో తిరిగి రావద్దు. కాగితం మీద రాయించుకోండి, ఇవ్వకపోతే మీరే తేదీ వేసి రాసి పెట్టండి. ఇంజన్ నంబరు, పార్టు నంబరు, మిషన్ ఎన్ని రోజులు ఆగింది, ఎంత బిల్లు వేశారు అన్నవి అందులో ఉండాలి. నవంబర్ కోతలు మొదలయ్యేలోగా ఆ కాగితాలు మండల కమిటీలకు చేరితే, అన్నిటినీ కలిపి కాంపిటీషన్ కమిషన్‌కూ వ్యవసాయ శాఖ కమిషనర్‌కూ సంఘం తరఫున మేం పంపుతాం.