లుబ్వా మిషను ఇంటి చిన్నవాడు

ఆఫ్రికాలోని జాంబియా దేశపు మొదటి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా గారిని గూర్చి ఈ నెల కొంచెం చెప్పుకుందాం. ఆయన 1924లో చిన్సాలి దగ్గరి లుబ్వా మిషను స్థలములో పుట్టారు. తండ్రి డేవిడ్ కౌండా నేటి మలావి నుండి సువార్త పనికై అక్కడికి వచ్చిన బోధకుడు, ఉపాధ్యాయుడు. తల్లి హెలెన్ గారు కూడా పంతులమ్మే. ఎనిమిదిమంది పిల్లల్లో కెన్నెత్ కడగొట్టువాడు. ఎనిమిదేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నాడు.

పెద్దవాడై ఆయనా బడిపంతులయ్యారు. ఆ రోజుల్లో తెల్లవారి మాంసపు దుకాణాల్లో నల్లవారికి లోపలికి ప్రవేశం లేదు. గోడకున్న చిన్న కిటికీలోంచి పొట్లం అందించేవారు. లోపల ఏముందో చూసి కొనుక్కునే వీలుండేది కాదు. కౌండా మాంసం తినడమే మానేశారు. గాంధీగారి అహింసా మార్గం ఆయనకు నచ్చింది. 1955లో రెండు నెలలు, 1959లో మరికొన్ని నెలలు జైల్లో ఉన్నారు.

1964 అక్టోబరు 24న స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి ఆ దేశమంతటా పట్టభద్రులు వందకు కాస్త పైన! ఆయన బడులు, ఆసుపత్రులు కట్టించారు. అయితే మంచి మాత్రమే చెప్తే అది సాక్ష్యం కాదు. 1972లో తన పార్టీ తప్ప వేరొకటి ఉండకూడదన్నారు. ఎదిరించినవారిని నిర్బంధంలో ఉంచారు. రాగి ధర పడిపోయి అప్పులు పెరిగాయి. 1990లో మొక్కజొన్న పిండి ధర పెంచగా అల్లర్లు రేగాయి. ఇంట్లో పిండి లేని తల్లికి స్వాతంత్ర్య పోరాటం కథ చెబితే ఏం లాభం?

ఇంకొక సంగతి. 1986లో ఆయన కుమారుడు ఎయిడ్సు జబ్బుతో చనిపోయాడు. ఆ పేరెత్తడానికే అందరూ సిగ్గుపడే కాలమది. మరుసటి సంవత్సరం ఆయన దేశం ముందు నిలబడి, నా బిడ్డ పోయింది ఆ జబ్బుతోనే అని చెప్పారు. మన ఊళ్లలో ఎన్ని కుటుంబాలు అలా చెప్పగలిగాయి?

1991లో అనేక పార్టీల ఎన్నిక జరిపించి, ఘోరంగా ఓడిపోయారు. సైన్యం ఆయన చేతిలోనే ఉన్నా, 27 ఏళ్ల అధికారాన్ని గొడవ లేకుండా చిలుబా గారికి అప్పగించారు.

ఐదేళ్లకు కొత్త ప్రభుత్వం రాజ్యాంగం మార్చింది. తలిదండ్రులిద్దరూ జాంబియావారైతేనే అధ్యక్ష పదవికి అర్హులట. లుబ్వాలో బోధించిన ఆ డేవిడ్ గారు మలావి మనిషి గనుక, దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన కొడుకు ఎన్నికలో నిలబడలేకపోయారు. ఆయన 2021 జూన్ 17న, 97 ఏళ్ల వయసులో లుసాకాలో కన్నుమూశారు.