రోగం మన నాలుకది కాదు



ఈమధ్య మా రేణిగుంటకు దగ్గర్లో జరిగిన ఒక ఇంగ్లీషు అధ్యాపకుల సదస్సుకు వెళ్లొచ్చాను. తెలుగులో పీహెచ్‌డీ చేసి, డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పేవాడికి అక్కడేం పని అని కొందరు అడిగారు. పని ఉంది. నా క్లాసులో కూర్చునే పిలకాయలే పక్క పీరియడ్‌లో ఇంగ్లీషు క్లాసుకు పోతారు. నా దగ్గర గడగడా మాట్లాడే పిల్ల అక్కడ ఎందుకు నోరు విప్పదో తెలుసుకుందామని వెళ్లాను.

రెండు రోజులూ పేపర్లు విన్నాను. ‘రూరల్ లెర్నర్’, ‘ఫస్ట్ జనరేషన్ లెర్నర్’, ‘స్లో లెర్నర్’, ‘మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్’ - ఈ మాటలు లేకుండా సాగిన పేపరు దాదాపు లేదు. కులం అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. అయినా ఆ మాటలన్నీ ఎవరి గురించో హాల్లో అందరికీ తెలుసు. మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి, యానాది కాలనీ నుంచి వచ్చే పిల్లల గురించి. కులం పేరెత్తకుండానే మన పిల్లల్ని రోగుల్ని చేసి, మందు రాయడానికి కూర్చున్నారు.

ఒకాయన ‘ఇస్కూలు’ అన్న ఉచ్చారణను తప్పుల పట్టికలో చూపించాడు. హాలంతా నవ్వింది. నిజానికి అది తెలుగు నాలుక పద్ధతి. మాట మొదట్లో ‘స్క’, ‘స్ట’ లాంటివి వస్తే ముందు ఒక అచ్చు చేర్చుకుంటాం. స్పానిష్ మాట్లాడేవాళ్లూ అదే చేస్తారు. స్పెయిన్ నుంచి వచ్చినాయన ‘ఎస్కూల్’ అంటే ముచ్చటైన యాస. మన పిల్ల ‘ఇస్కూలు’ అంటే జబ్బు. ఇందులో భాషాశాస్త్రం ఎంత, కులం ఎంత?

ఇది విని తల్లిభాషాభిమానులు సంబరపడనక్కర్లేదు. వాళ్లకూ ఒక మాట చెప్పాలి. 2019 నవంబర్ 5న ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం జీవో 81 వచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతోందని ఎంత గోల చేశారో మనం చూశాం. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రులనే అడిగితే నూటికి 96 మందికి పైగా ఇంగ్లీషే కోరారని ప్రభుత్వం చెప్పింది. ఆ గోల చేసినవాళ్లలో ఎంతమంది తమ పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించారు? తెలుగును కాపాడే బాధ్యత కూలోళ్ల పిల్లల మీదే ఎందుకు పెట్టారు?

పైగా, ఏ తెలుగు? 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల తనిఖీకి వచ్చి, మీరు మాట్లాడే తెలుగు ఒకటీ, బడిలో చెప్పే తెలుగు ఒకటీ ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను ఉద్యమం చేశాడు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించిన మనిషి ఆయన. వ్యావహారికం గెలిచింది. కానీ పుస్తకాల్లోకి ఎక్కింది కోస్తా జిల్లాల్లో చదువుకున్న పైకులాల వ్యావహారికం. ‘వస్తాండాడు’, ‘పోతాండాం’ అనే మా తెలుగు పరీక్ష పేపర్లో ఇప్పటికీ తప్పే. మన పిల్లకు రెండు క్లాసుల్లోనూ ఎర్రసిరానే.

బాబాసాహెబ్ బడిలో సంస్కృతం చదవాలనుకుంటే చదవనివ్వలేదు. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఆయనే 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం పుట్టుపూర్వోత్తరాల మీద ఇంగ్లీషులో పత్రం చదివాడు. మనకు ఇంగ్లీషు మోజు వస్తువు కాదు, మూసిన తలుపు పక్కన దొరికిన దారి. రేణిగుంట విమానాశ్రయం పక్కనున్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు పొయ్యి చూడండి. లైన్ మీద నిలబడి పనిచేయడానికి తెలుగు చాలు. ఆ లైన్ దాటి ఆఫీసు గదిలోకి పోవాలంటే ఇంగ్లీషు అడుగుతారు.

అయితే బోర్డు మీద మీడియం పేరు మార్చినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. టీచరు కావాలి, పుస్తకం కావాలి, తప్పు మాట్లాడినా నవ్వని క్లాసు కావాలి. అందుకే ఇంగ్లీషు అధ్యాపకులను అడుగుతున్నా. మీ సదస్సుల్లో కులం పేరెత్తండి. ‘స్లో లెర్నర్’ అనే ముందు, ఆ పిల్లకు క్లాసులో మాట్లాడే అవకాశం ఎన్నిసార్లు ఇచ్చారో లెక్క చూసుకోండి. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే పద్ధతి ఆపండి. వాళ్ల అవ్వ చెప్పిన కథను వాళ్ల తెలుగులోనే చెప్పించి, ఇంగ్లీషులోకి తెమ్మనండి. ఆ పిల్ల తెలుగు మీ పాఠానికి అడ్డం కాదు, దాని మీదే ఇంగ్లీషు నిలబడుతుంది.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీకొక్కటే మాట. ‘ఇస్కూలు’ అనుకుంటూనే ఇంగ్లీషు నేర్చుకోండి. ఎవరైనా నవ్వితే, ఏది తప్పో, ఎందుకు తప్పో చెప్పమని అక్కడే నిలదీయండి. చెప్పలేకపోతే ఆ నవ్వు దేనిదో వాళ్లకే తెలియాలి.

వచ్చే భాగంలో డిగ్రీ తెలుగు సిలబస్ సంగతి మాట్లాడుకుందాం.

జై భీమ్.