ఒక్కనాటి స్వపరిపాలనము

ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాడు తెలుగు పత్రికల పుటలు చిన్నవారి ముఖచిత్రములతో నిండిపోవును. తపాలాబిళ్ళలంతేసి ఫోటోలు, వాని క్రింద అంకెలు, పైన విద్యాసంస్థ పేరు పెద్ద యక్షరములలో. కొంతకాలము పదికి పది యనుచుండిరి. ఆంధ్రప్రదేశమున 2022 లోను, తెలంగాణమున 2025 లోను మార్కులు మరల వచ్చినవి గనుక నిప్పుడు ఆరువందలకు ఎన్ని యని చెప్పుకొనుచున్నారు. ఆ ప్రకటనల సొమ్ముతో పత్రికలు నడచుచున్నవి. మాది యందుకు మినహాయింపు కాదు. కావున ఆ బాలబాలికల కష్టమును తక్కువచేసి మాటాడు అర్హత మాకు లేదు. అయినను ఒక ప్రశ్న మమ్ము చాలకాలముగా బాధించుచున్నది. ఏడాదిలో రెండువందల పైచిలుకు దినములు నడచు పాఠశాలను ఒక్క దినపు అంకెతో కొలుచుట న్యాయమా? తక్కిన దినములలో అచ్చట జరుగుచున్న దేమి?

మా చిరకాల మిత్రులొకరు ఒక గ్రామమున జిల్లా పరిషదున్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నున్నారు. బహుమతులు పంచుటకు రమ్మని వారు పిలిచినప్పుడు, ఒక్కపూట వచ్చి పూలదండ వేయించుకొని పోవుట కంటె ఒక వారము బెంచి మీద కూర్చుండ నిండని కోరితిమి. వారు నవ్వి యొప్పుకొనిరి. ఆగస్టు 29వ తేదీ మొదలు సెప్టెంబరు 5వ తేదీ వఱకు అచ్చట నుంటిమి. ఊరి పేరు వ్రాయవద్దని వారి కోరిక. ఏల యట్లు కోరిరో చివరకు పాఠకులకే తెలియును.

ప్రొద్దుట ప్రార్థనావేళ పిల్లలు చేయి చాచి చెప్పు ప్రతిజ్ఞ యున్నది గదా! దేశమంతట నే భాషలో చదువు పిల్లలైనను చెప్పు ఆ ప్రతిజ్ఞను మొట్టమొదట తెలుగున వ్రాసినవారు నల్లగొండ సీమకు చెందిన పైడిమర్రి వేంకట సుబ్బారావుగారు. 1962లో విశాఖపట్టణమున జిల్లా ఖజానా యధికారిగా నుండగా వ్రాసిరి. ఇది మనలో నెందఱికి తెలియును? ఆ పాఠశాలలో నేడవ తరగతి పిల్లవాడొకడు ఈ సంగతి మాకు చెప్పెను. మే మెఱుగనట్లు నటించి వింటిమి. వాని ముఖమున వెలసిన గర్వమునకు ఏ పట్టికలోను మార్కులు లేవు.

ఆగస్టు 29 గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జయంతి. ఆయన 1863లో జన్మించిరి. వాడుకభాషా ప్రవర్తకులుగా ఆయనను తలచువారు, ఆయన పర్లాకిమిడిలో బడిపంతులన్న సంగతి తఱచుగా మఱతురు. సవరల భాషను తాను ముందు నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించుటకు పాటుపడిన పంతులు. (ఈ వ్యాసపు భాష చూచిన ఆయన మమ్ము బెత్తముతో పలుకరించియుందురు, అలవాటు వదలనిది!) ఆనాడు పాఠశాలలో వక్తృత్వపు పోటీ జరిగెను. మొదటి బహుమానము, ఎవరో వ్రాసియిచ్చిన యుపన్యాసమును తడబడక అప్పగించిన బాలునకు వచ్చెను. మేము న్యాయనిర్ణేతలము కాము గనుక ఊరకుంటిమి. మా మెప్పు వేఱొకనికి దక్కినది. ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన తాతను అడిగి సేద్యపు మాటలను ఒక నోటుపుస్తకమున వ్రాసికొని వచ్చెను. మేడి, నొగ, కాడి, కఱ్ఱు, పగ్గము, గొఱ్ఱు మొదలుగా పుటలకు పుటలు. ప్రతి మాట ప్రక్కన పెన్సిలుతో బొమ్మ. సభలో ముందు వరుసను కూర్చున్న యూరి మోతుబరులను చూచి వాడు, "నొగ యనగా నేమి?" యని యడిగెను. ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. ట్రాక్టరు వచ్చిన తరువాత పుట్టిన రైతులకు నొగతో పని యేమి? వెనుక నిలుచున్న ముసలి పాలేరొకడు గట్టిగా సమాధానము చెప్పగా సభ ఘొల్లుమనెను. ఆ పుస్తకమునకు రెండవ బహుమాన మైనను రాలేదు. అది పోటీ నిబంధనలలో లేదట.

ఆ దినమే మేజరు ధ్యానచందు జన్మదినము గనుక జాతీయ క్రీడాదినోత్సవము గూడ. పరుగుపందెమును పాఠశాల ముందరి రోడ్డు మీద పెట్టిరి. ఇరుప్రక్కల ఇద్దరేసి ఉపాధ్యాయులు నిలిచి మోటారు బండ్లను ఆపుచుండ పిల్లలు వట్టి కాళ్ళతో తారు మీద పరుగెత్తిరి. పాఠశాలకు మైదానము లేదా యని యడిగితిమి. ఉన్నది. అందులో సగము మేర గడ్డివాములు, రెండు ట్రాక్టరు తొట్లు, ఒక మూల ఇసుక కుప్ప. తూర్పువైపున ప్రక్క చేను వారి ప్రహరీగోడ లోపలికి వంగివచ్చినట్లు మాకు తోచినది, కంటిభ్రమ యనుకొంటిమి.

ఈ సందర్భమున ఓరుగల్లు సీమలోని కల్లెడ గ్రామపు బాలిక జీవాంజి దీప్తిని స్మరింపక తప్పదు. తలిదండ్రులు దినకూలీలు. బుద్ధిమాంద్యము గల పిల్ల యని ఊరివారు గేలిచేసిన పిల్ల. ఆమె కాళ్ళలోని వేగమును ముందుగా కనిపెట్టినది బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. ఆమె 2024 మే నెలలో జపానునందలి కోబెలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి తన వర్గమున అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ యేడు సెప్టెంబరు 3వ తేదీన, సరిగా ఈ వారముననే, పారిస్ పారాలింపిక్సులో కంచు పతకము గెలిచెను. ఆనాడు దేశ మంతయు చప్పట్లు కొట్టెను. బడిలో వ్యాయామోపాధ్యాయుడు లేకున్న, పరుగెత్తి చూపుటకు జానెడు నేల లేకున్న ఆ చప్పట్లు ఎవరికి కొట్టియుందుము? మేము చూచిన పాఠశాలలో డ్రిల్లు మాస్టరు ఉన్నారు. పాపము, ఆయన వారమున సగము దినములు ఏవో లెక్కల కాగితములు నింపుచుండిరి.

మధ్యాహ్న భోజనమును గూర్చి రెండు మాటలు. డొక్కా సీతమ్మగారి పేరిట 2024 నుండి ఆంధ్రప్రదేశమున ఈ పథకము నడచుచున్నది. అన్నము పెట్టిన యిల్లాలి పేరు అన్నమునకు పెట్టుట ఉచితమే. మేము పిల్లలతో గూడ పంక్తిని కూర్చుండి తింటిమి. పప్పు పలుచన, గ్రుడ్డు మంచిది. వడ్డనలో పదవ తరగతి వారు చిన్నవారికి ముందు పెట్టి తాము చివర తినుట చూచితిమి. కుల మడుగువాడు ఆ పంక్తిలో లేడు. మన చిన్ననాటి పెండ్లి పందిళ్ళను తలచుకొన్నవారికి ఇది యెంత దూరము నడచిన నడకయో తెలియును.

ఆ వంటశాలనుండియే ఈ వారపు ఘనకార్య మొకటి పుట్టినది. కేంద్రప్రభుత్వము వారి ఇన్‌స్పైర్ మానక్ పథకము క్రింద పాఠశాలలు పిల్లల క్రొత్త యూహలను పంపవచ్చును. ఎన్నికైన యూహకు నమూనా చేసికొనుటకై 10,000 రూపాయ లిత్తురు. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, వంట చేయు తల్లులు మరుగుచున్న అన్నపు గుండిగ నెత్తి గంజి వార్చునప్పుడు చేతులు కాల్చుకొనుట చూచి, గుండిగను చట్రములో నుంచి ఒక కడ్డీతో వంచు ఏర్పాటు గీసినది. సైకిలు బాగుచేయువానియొద్ద ఇనుప ముక్కలు తెచ్చి చిన్న చెంబుతో చేసి చూపినది. విజ్ఞానశాస్త్రపు పంతులుగారు దానిని పంపుటకు వెనుకాడిరి. ఇందులో విద్యుచ్ఛక్తి లేదు, కంప్యూటరు లేదు, పైవారికి నచ్చునో లేదో యని వారి సందేహము. వంటతల్లి వచ్చి, "అయ్యా, అది పంపండి, మా చేతులు చూడండి" యనినది. పంపిరి. దానికి బహుమాన మెట్లున్నను, ఊరి కమ్మరిచేత నిలువెత్తు చట్రము చేయించుట కయిదారు వేలకు మించదు. ఊరిలో అంత సొమ్ము లేదందుమా? మొన్నటి వినాయక చవితి పందిరి దీపములకే అంతకు మించి యైనది.

ఇక సెప్టెంబరు 5. సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు 1888లో ఈ తేదీన జన్మించిరి. 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1962 నుండి ఆయన జన్మదినమును ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుచున్నాము. మన పాఠశాలలలో ఆనాటికి మఱియొక పేరున్నది: స్వపరిపాలనా దినము. ఆ మాట కొఱకు ఒక తరము వారు బడులు విడిచి చెఱసాలలకు పోయిరి. నేటి పిల్లలు ఆనాడు చీరలు, పంచెలు కట్టి, సుద్దముక్క చేతబట్టి పంతుళ్ళగుదురు. ఒకరు ప్రధానోపాధ్యాయులు, ఒకరు విద్యాధికారి, ఒకరు బంట్రోతు. పెద్దలు ఫోటోలు తీసికొందురు, సాయంకాలము మిఠాయి పంచుదురు. మరునాడు చీర పెట్టెలోనికి, సుద్దముక్క పంతులుగారి చేతిలోనికి పోవును. మేమును అంతకు మించి యాశింపలేదు.

ఆనాటి ప్రధానోపాధ్యాయిని పదవ తరగతి బాలిక. తండ్రి కౌలురైతు. ఆమె కుర్చీలో కూర్చున్న వెంటనే చేసిన పని తొమ్మిదవ తరగతికి గణితపు తరగతిని ఆరుబయట జరుపుమని యుత్తరువిచ్చుట. ఆనాటి గణిత పంతులైన బాలుడు, పిల్లలు, ఒక పొడవాటి టేపు, నాలుగు వెదురు కఱ్ఱలు. మైదానమును త్రిభుజములుగా చీల్చి కొలిచిరి, కాగితము మీద గుణించిరి, కూడిరి. రెండుమార్లు తప్పు వచ్చి మరల కొలిచిరి. ఆ లెక్కను తెచ్చి, బీరువాలోని పాత దానపత్రపు నకలుతో సరిచూచిరి. డెబ్బది యేండ్ల క్రిందట ఊరి పెద్దలొకరు పిల్లల యాటకై రాసియిచ్చిన నేల యది. దానపత్రములోని విస్తీర్ణమునకును, పిల్లల కొలతకును నడుమ చాల సెంట్లు తేడా వచ్చినది. తూర్పువైపు గోడ విషయమున మా కన్ను భ్రమపడలేదు.

ఆ బాలిక మండల తహసీలుదారు గారికి ఒక లేఖ వ్రాసినది. తప్పులు లేని తెలుగు. పాఠశాల నేలను సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించవలసినదని ప్రార్థన; కొలతల పటము జతపఱుపబడినది; క్రింద సంతకము, "ప్రధానోపాధ్యాయిని". మేము ఆ లేఖను చదివి చాలసేపు మాటలాడలేదు. ఇన్నేండ్లుగా సంపాదకీయములు వ్రాయుచున్నాము. ఒక్కనాటి యధికారమును ఇంత చక్కగా వినియోగించినవారిని శాసనసభలలో నైనను అరుదుగా చూచితిమి.

ఇందు పెద్దలమైన మనకు సంబంధించిన భాగ మేమి? 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య సంఘ ముండవలెను. అందు మూడువంతులు తలిదండ్రులు, మొత్తము సభ్యులలో సగము స్త్రీలు. చట్టము మంచిదే. అయితే ఊరిలో మాట చెల్లుబడి గల యింటి పిల్లలు తెల్లవాఱకముందే పసుపుపచ్చ బస్సెక్కి పట్టణపు బడులకు పోవుచున్నారు. బడిలో మిగిలినవారు కూలీల, కౌలుదార్ల పిల్లలు. సంఘమున కూర్చుండువారు వారి తల్లులు. గడ్డివామి తీయుమని భూస్వామితో నా తల్లి యెట్లు చెప్పగలదు? రేపు నాట్లకు పిలువవలసినది ఆయనయే గదా! మన పిల్లలను ఎచ్చట చదివించుకొందుమనునది మన యిష్టము. ఆ కారణమున మన తాతలు ఇచ్చిన నేల మీద నుండి మన చూపు తిప్పుకొనుట మాత్రము వేఱు సంగతి. మైదానము కొఱకు పోరాడుటకు బిడ్డ ఆ బడిలో నుండనక్కఱలేదు. పంచాయతీ తీర్మానము చేయవచ్చును. సర్వేకు దరఖాస్తు పెట్టవచ్చును. తన ట్రాక్టరు తొట్టిని తానే తీయవచ్చును. ఈ మూడవదానికి తీర్మానము గూడ నక్కఱలేదు.

స్వపరిపాలనము ఏడాదికొక దినమే యేల యని మేము ప్రధానోపాధ్యాయుల నడిగితిమి. భోజనపు లెక్క, గ్రంథాలయపు తాళము, ఆటవస్తువుల గది, కనీసము ఈ మూడైనను ఏడాది పొడుగున పిల్లల చేతిలో నుంచరాదా? గ్రుడ్ల లెక్క వారికిత్తునని ఆయన మాట యిచ్చిరి. తాళము విషయమున నాలోచింతు ననిరి. మంచివారే, తనిఖీకి జడియుదురు.

లేఖ విషయము గూడ అడిగితిమి. ఆయన కొంత తడవు మౌనముగా నుండి బల్ల సొరుగు తెఱచి చూపిరి. లేఖ అందున్నది. పటము మడతపెట్టి దానితోనే యున్నది. తూర్పుగోడ వారు ఊరిలో గౌరవనీయులు, బడికి ఫ్యాను లిచ్చినవారు, మొన్న మాతోపాటు వేదిక మీద కూర్చున్నవారు. బహుశః ఈ పత్రికకు చందాదారులు గూడను. ఆరవ తేదీ ఉదయము మేము బయలుదేరునప్పుడు ఆ బాలిక యెప్పటి రెండు జడలతో మూడవ బెంచిలో కూర్చుండి భౌతికశాస్త్రపు నోట్సు వ్రాసికొనుచుండెను. "మా ఉత్తరము పోయినదా అండీ?" యని యడిగినది.