కూర్చోబెట్టే వైద్యం

ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో అరవై దాటిన అవ్వ మోకాళ్ల నొప్పులని ఆసుపత్రికి పోతే, తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెంట మామూలుగా మూడు వస్తాయి: ఒక ఎక్స్‌రే, వారానికి సరిపడా నొప్పి బిళ్లలు, ఒక మాట. "గుజ్జు అయిపోయింది. ఇంక ఎక్కువ నడవొద్దు, మెట్లెక్కొద్దు." బిళ్లలు వారంలో అయిపోతాయి. ఎక్స్‌రే బీరువా మీదికి చేరుతుంది. ఆ మాట మాత్రం ఇంట్లో పాతుకుపోతుంది. "మోకాళ్లు పీకుతాండాయి" అని అవ్వ అనడం ఆలస్యం, కొడుకూ కోడలూ మనవడూ ఒక్కటే అంటారు: "నువ్వు కూచో అవ్వా, మేం చేస్తాంలే."

ప్రేమతోనే అంటారు. ఆమె కాళ్లు పడిపోవడానికి ఆ ప్రేమే కారణమవుతోంది.

తప్పంతా 'అరుగుదల' అనే మాట దగ్గర మొదలైంది. బండి ఇరుసు అరుగుతుంది, టైరు అరుగుతుంది. ఎంత తక్కువ తిప్పితే అంత ఎక్కువ కాలం వస్తాయి. మోకాలినీ జనం ఆ లెక్కలోనే వేసేశారు. కానీ మోకాలు ప్రాణమున్న అవయవం. ఎముకల కొసలను కప్పి ఉంచే మృదులాస్థికి, అంటే మనం గుజ్జు అని పిలుచుకునే దానికి, రక్తనాళాలు లేవు. కాలు కదిలి, బరువు పడి, మళ్లీ తేలికైనప్పుడు కీలులోని నీరు దానిలోకి ఇంకుతూ, బయటికి వస్తూ ఉంటుంది. దానికి అందే పోషణ చాలావరకు ఆ నీటి నుంచే. కదలిక ఆపేయడమంటే ఆ కాస్త తిండీ ఆపేయడమే. ఇక కూర్చున్న మనిషి తొడ కండరం నెలల్లోనే సన్నబడుతుంది. మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువును కాసుకోవాల్సింది ఆ కండరమే. అది బలహీనపడితే అదురంతా కీలు మీదే పడుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పికి భయపడి మనిషి ఇంకా కూర్చుంటుంది.

ఎక్స్‌రేను చూసి బెదరడమూ ఇలాంటిదే. ఫిల్ములో ఎముకలు దాదాపు ఆనుకున్నట్టు కనిపించినా పొలానికి నడిచి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఫిల్ము శుభ్రంగా ఉన్నా నొప్పితో లేవలేనివాళ్లూ ఉన్నారు. నొప్పికీ ఫిల్ముకీ పొంతన తక్కువని కీళ్ల వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు.

నడిస్తే మరింత అరుగుతుందన్న భయాన్ని పరీక్షకు పెట్టి చూసినవాళ్లున్నారు. అమెరికాలో అరవై ఏళ్లు, ఆపైన వయసుండి, మోకాళ్లు అరిగాయని తేలిన 439 మందిని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టు నడిచింది. ఇంకో జట్టు బరువులతో కండరాలకు పని చెప్పింది. మూడో జట్టుకు ఆరోగ్య పాఠాలు మాత్రమే. వ్యాయామం వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున 18 నెలలు సాగింది. 1997లో ఫలితాలు వచ్చాయి: వ్యాయామం చేసిన రెండు జట్లకూ నొప్పి తగ్గింది, చేతకానితనం తగ్గింది, నడక మెరుగైంది. ఎక్స్‌రేలలో మాత్రం మూడు జట్లకూ తేడా లేదు. ఏడాదిన్నర నడిచినవాళ్ల మోకాళ్లు కూర్చున్నవాళ్ల మోకాళ్ల కంటే ఎక్కువ అరగలేదు! అధ్యయనం మొదలయ్యేటప్పటికి తమ పనులు తామే చేసుకోగలుగుతున్న 250 మందిని విడిగా లెక్కిస్తే, పాఠాలు విన్న జట్టులో నూటికి 52 మందికి పైగా మంచం దిగడం, స్నానం చేయడం వంటి సొంత పనుల్లో ఇబ్బంది పడే స్థితికి వచ్చారు. వ్యాయామం చేసినవాళ్లలో నూటికి 37 మంది. ఒకరి సాయం లేకుండా మంచం దిగడం ముసలితనంలో ఎంత పెద్ద స్వేచ్ఛో ఆ వయసువాళ్లను అడగాలి.

వ్యాయామం మంత్రం కాదు. వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసినా కనిపించిన మేలు ఓ మాదిరిదే. మానేస్తే ఆ మేలూ కరిగిపోతుంది. కానీ దాని స్థానంలో అమ్ముడుపోతున్నవేమిటి? బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు 2022లో ఈ జబ్బున్న అందరికీ వ్యాయామం చెప్పమన్నాయి. గ్లూకోసమైన్ బిళ్లలు, ఇక్కడ 'గుజ్జు ఇంజెక్షన్లు' అని పిలిచే హయలురొనాన్ సూదులు వద్దన్నాయి. మోకాలికి రంధ్రం చేసి లోపల కడిగే ఆపరేషన్ ఉత్తుత్తి కోత కంటే మెరుగేమీ కాదని 2002లోనే అమెరికాలో 180 మంది మీద తేలింది. ఏళ్ల తరబడి మింగే నొప్పి బిళ్లలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కీలు మార్పిడి ఆపరేషన్ మీద ఇక్కడ తగవు లేదు; 2000లోనూ 2001లోనూ ప్రధాని వాజపేయి అది చేయించుకున్నాక ఊరూరా దాని పేరు తెలిసింది. అవసరమైనవాళ్లకు అది వరమే. అయితే ఆపరేషన్ తర్వాత కూడా తొడకు బలం తెచ్చుకోవాల్సిందే, నడవాల్సిందే.

"మా ఆడోళ్లు చేసే చాకిరీ చాలదా, మళ్లా వ్యాయామమా?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. పులివెందుల పక్క శనక్కాయ చేలో కలుపు తీసే మనిషి గంటల తరబడి గొంతుక్కూర్చుంటుంది. జమ్మలమడుగు వైపు గుంత మగ్గంలో కాళ్లు దించిన నేతగాడు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పని చేసే కంసాలి పొద్దంతా కూర్చున్నచోటు కదలరు. ఎక్కువసేపు గొంతుక్కూర్చోవడం మోకాలికి చేటన్నది నిజమే. కానీ శ్రమ వేరు, వ్యాయామం వేరు. శ్రమలో బరువు ఎంతో, ఎంతసేపో నిర్ణయించేది పని. వ్యాయామంలో నిర్ణయించేది మనిషి: ఇంత అని మొదలుపెట్టి, వారం వారం కొంత పెంచి, మధ్యలో విశ్రాంతి ఇస్తుంది. ఆ తేడా వివరించే ఓపిక లేక 'నడవొద్దు' అనేయడం తేలికైపోయింది.

విచిత్రమేమిటంటే ఇది నడకను గొప్ప చేసుకున్న నేల. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసి, పులివెందులలో ఆసుపత్రి పెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఆయన కుమారుడు 2017లో ఇడుపులపాయ నుంచి మొదలుపెట్టి 3,648 కిలోమీటర్లు నడిచారు. ఆ నడకలను కథలుగా చెప్పుకునే ఇళ్లలోనే అవ్వను వీధి చివరిదాకా కూడా పోనివ్వరు.

చేయాల్సినదానికి ఖర్చు లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, కూర్చుని కాలు చాపి కాసేపు నిలపడం, కిటికీ ఊచ పట్టుకుని కడప బండ మెట్టు ఒకటి ఎక్కి దిగడం. పది పదిసార్లు, వారంలో రెండు మూడు రోజులు. ఎండ ముదరకముందే నడక. ఒళ్లు బరువుంటే కొంత తగ్గడం: కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది. మొదటి వారాల్లో నొప్పి కొంచెం పెరగొచ్చు. మర్నాటికి సర్దుకుంటే పరవాలేదు. మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, కాలు ఇరుక్కుపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఈ మూడు ఊళ్ల డాక్టర్లకు ఒక మనవి. చీటీ మీద బిళ్లల పేరు రాసినట్టే, కుర్చీలోంచి రోజుకు ఎన్నిసార్లు లేవాలో కూడా అంకె వేసి రాయండి. ఇంట్లోవాళ్లకు ఇంకొకటి. ఈ సాయంత్రం అవ్వ లేవబోతే "కూచో" అనకండి. పక్కన నిలబడి, ఆమె ఎన్నిసార్లు లేచిందో పది దాకా లెక్కపెట్టండి.