కొర్రన్నం తింటే మాత్తర్లు మానెయ్యొచ్చా?

మొన్న సంక్రాంతికి ఊరికి పోతే తెలిసింది, మా నాయన చక్కెర మాత్తర్లు మానేసి మూడు నెలలయిందని. "మాత్తర్లెందుకురా, రెండు పూటలా కొర్రన్నమే తింటాండా గదా" అన్నాడు. ఎవరు చెప్పారంటే ఫోన్లో వీడియో చూపించాడు. కడపకు తీసుకుపోయి పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 7.4 నుంచి 10.8కి ఎక్కి కూర్చుంది.

నా కోపం నాయన మీద కాదు. ఆ వీడియో అంతకుముందే మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేనే ఇంటి గ్రూపుకి పంపించాను, పూర్తిగా చూడకుండానే!

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. సంగటి, ఊరిబిండి తిని పెరిగినోణ్ణి. కాబట్టి నన్ను చిరుధాన్యాల శత్రువు అనుకోకండి. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలిష్ బియ్యంలో పది కూడా లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లోనే ఉందీ మాట. బాగుంది. కానీ అవే పట్టికల్లో ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. రాగుల్లో దాదాపు 320 కాలరీలు, బియ్యంలో 355. అంతే తేడా! చిరుధాన్యాలు కూడా ప్రధానంగా పిండిపదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి బియ్యం బదులు తింటే మేలే. మాత్ర బదులు తింటే మాత్రం మా నాయన గతే.

"మన పూర్వీకులు ఇవే తిని రోగాల్లేకుండా బతికారు" అనేవాళ్ళకి ఒక మాట. మా అవ్వ రోజూ సంగటి తిన్నది ఆరోగ్యం కోసం కాదు, వరన్నం దొరక్క. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చేదాకా మా ఇంట్లో వరన్నమంటే పండగే అని చెప్పేది. తిన్న సంగటి కరిగేదాకా చేలో ఒళ్ళు వంచి పనిచేసేది. మనమో? పది గంటలు కుర్చీలో కూర్చుని, మధ్యలో చక్కెర కలిపిన రాగి బిస్కెట్లు తింటాం.

రోగాల్లేవన్నది కూడా అబద్ధమే. దక్కనులో జొన్నల మీదే బతికిన పేదలకి పెల్లాగ్రా వచ్చేది, అంటే ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పొట్టు లేచే జబ్బు. జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ దీనికి కారణం కావచ్చని సి. గోపాలన్ బృందం 1960లో లాన్సెట్‌లో రాసింది. ఆ కారణం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. జబ్బు మాత్రం నిజం. అసలు తప్పు జొన్నలది కాదు. పాలూ మాంసమూ అందక జొన్నే దిక్కయిన పేదరికానిది.

తమాషా ఏంటంటే, అదే లూసిన్‌ని ఇవాళ జిమ్‌లో ప్రొటీన్ డబ్బా మీద పెద్దక్షరాలతో అచ్చేసి అమ్ముతున్నారు! కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని 2020లో ఐసీఎంఆర్ చెప్పింది. గట్టిగా కసరత్తు చేసే క్రీడాకారులకి అంతకు రెట్టింపు కావాలి, నిజమే. వారానికి రెండ్రోజులు ఫోన్ చూసుకుంటూ ట్రెడ్‌మిల్ మీద నడిచే మనం క్రీడాకారులమా? వంద గ్రాముల చెనిక్కాయ గింజల్లో పాతిక గ్రాముల ప్రొటీన్ ఉంది. కర్నూలు సంతలో బస్తాలకొద్దీ దొరుకుతాయి.

2018లో కేంద్ర ప్రభుత్వం 'ముతక ధాన్యాలు' అన్న పేరు తీసేసి 'పోషక ధాన్యాలు' అని పెట్టింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. సంతోషం. గింజకి గౌరవం వచ్చింది. కానీ గింజ మారలేదు కదా!

లోడ్ ఎంతో చెప్పకుండా ఎవడైనా సర్వర్ సైజు చెప్తే మనం ఒప్పుకుంటామా? డిజైన్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరు తినాలి, ఎంత తినాలి, ఏ పని చేసేవాళ్ళు తినాలి అని ఒక్క ప్రశ్న అడగం. అవి చెప్పకుండా గింజ గొప్పదనం మాత్రమే చెప్పేది పోషకాహార శాస్త్రం కాదండీ, దాని అంకెలు అరువు తెచ్చుకున్న ప్రకటన.

మా నాయన మళ్ళీ మాత్తర్లు వేసుకుంటున్నాడు. కొర్రన్నం కూడా తింటున్నాడు. రెండిటికీ గొడవేం లేదు. ఇంకోసారి అలాంటి వీడియో వస్తే ఊళ్ళో ఉన్న మీ అమ్మానాన్నలకి పంపేముందు ఒక్క నిమిషం ఆగండి. వాళ్ళు దాన్ని నమ్మేది అందులో మాట్లాడేవాణ్ణి చూసి కాదు, పంపింది ఇంజనీరు చదివిన కొడుకని.