తక్కువ నీరంటే తక్కువ శ్రద్ధ కాదు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ అపార్ట్‌మెంట్ల కిటికీ గట్ల మీదా, అక్కడి నుంచి హైటెక్ సిటీకి వెళ్ళే ఉద్యోగుల ఆఫీసు బల్లల మీదా సక్యులెంట్లు, అంటే ఆకుల్లోనో కాండంలోనో నీటిని దాచుకునే కండగల మొక్కలు, నేడు తరచుగా కనిపిస్తున్నాయి. తీరిక లేనివారికి ఇవే తగిన మొక్కలనీ, వారానికో చెంచా నీరు పోస్తే ఎండ తగలని ఏసీ గదిలోనూ బతికేస్తాయనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం తప్పు. కొత్తగా పెంచేవారి చేతుల్లో ఇన్ని మొక్కలు చచ్చిపోవడానికి ముఖ్యకారణం కూడా ఇదే.

ఈ మొక్కలు చాలా రోజులు నీరు లేకుండా నిలుస్తాయన్నది నిజమే కానీ, ఆ శక్తికి ఆధారం వెలుతురు. సాధారణ మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటే, చాలా సక్యులెంట్లు ఎండలో నీరు ఆవిరి కాకుండా వాటిని మూసి ఉంచి, రాత్రి చల్లదనంలో తెరిచి, లోపలికి వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా దాచి, తెల్లవారాక వెలుతురులో దానితో ఆహారం తయారుచేసుకుంటాయి. రణపాల ఆకు ఉదయం పుల్లగా ఉండి మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుందని, ఒకప్పుడు సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యతలు చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హెయిన్ గమనించి రాసిన లేఖ 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రాత్రి దాచిన పులుపును ఖర్చు చేసేది పగటి వెలుతురే కాబట్టి, వెలుతురు లేనిచోట పెట్టి నీరు మాత్రం తగ్గించడం ఆ మొక్కను పస్తు పెట్టడమే అవుతుంది.

ఆఫీసు పనికి సరిపోయే దీపాల వెలుతురు 300 నుంచి 500 లక్సులు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. మనిషి కన్ను ఈ తేడాకు సర్దుకుంటుంది గానీ ఆకు సర్దుకోలేదు. గులాబీ రేకుల్లా ఆకులు పేర్చుకునే ఎచెవేరియా ఆఫీసు దీపాల కింది బల్ల మీద కొన్ని వారాలకే కాడ సాగి, ఆకుల మధ్య ఎడం పెరిగి, పాలిపోతుంది. చూసేవారు ఎదుగుదల అనుకునే ఆ సాగుదల వెలుతురు కోసం మొక్క పడే పాటు.

చెంచా నీటి సలహా మరింత హానికరం. ఆ కాస్త నీరు పైమట్టిని తడిపి ఆగిపోతే వేళ్ళు ఎండుతాయి. అదే నీరు అడుగున రంధ్రం లేని పింగాణీ కుండీలో, తేమను వదలని కొబ్బరిపొట్టులో, వారం వారం చేరుతూ పోతే వేళ్ళు కుళ్ళుతాయి. ఎర్రమట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి, అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీరు పోసి, లోపలి మట్టి పూర్తిగా ఆరేదాకా ఆగడం సరైన పద్ధతి. ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలకూ, ఏడాది మొత్తం మీద పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధికభాగం కురిసే జూన్–సెప్టెంబర్ నెలలకూ ఒకే వారపు లెక్క హైదరాబాదులో పొసగదు. ఎప్పుడు పోయాలో ఆకే చెబుతుంది: దాహంతో ఉన్న ఆకు ముడతలు పడి వడలుతుంది, నీరెక్కువైన ఆకు పసుపుబారి, లోపల నీరు కనిపించేంత పలచనై, వేలు తగిలితే ఊడిపోతుంది. రెండూ మెత్తగానే ఉంటాయి కాబట్టి, తేడా తెలియనివారు కుళ్ళుతున్న మొక్కకు మళ్ళీ నీరు పోస్తారు.

ఉద్యోగికి ఇంత తీరిక ఎక్కడిదన్న అభ్యంతరం రావచ్చు. ఇక్కడ కావలసింది గంటల సమయం కాదు. కుండీని ఎత్తి బరువు చూసి, ఆకును పరిశీలించే ఒక్క నిమిషం. అది చెప్పకుండా అమ్మడం వల్లే, మొక్క పోయినప్పుడు కొన్నవారు తమ చెయ్యి మంచిది కాదనుకుని మొక్కల జోలికే వెళ్ళడం మానేస్తున్నారు. ఈ అపోహ చేసే అసలు నష్టం ఇదే.

కొత్తవారు మొదట పెంచవలసినవి కూడా మెక్సికో కొండల చల్లని రాత్రులకు అలవాటుపడిన ఎచెవేరియాలు కావు, ఇక్కడి ఎండకూ వానకూ ఏనాడో కుదురుకున్న కలబంద, రణపాల, నల్లేరు. సులువైన పనిని నల్లేరు మీద బండి నడక అనడం తెలుగువారికి అలవాటు. ఆ నల్లేరైనా ఎండ తగిలే బాల్కనీలో, నీరు నిలవని మట్టిలో ఉన్నప్పుడే ఏపుగా పాకుతుంది.